32.768 కిలోహెర్ట్జ్ క్రిస్టల్ కొన్ని బోర్డుల్లోనే స్టార్ట్ అవుతోంది, ఎందుకు?

డిజైన్ ఒకటే, భాగాలు ఒకటే, అయినా కొన్ని బోర్డుల్లో ఆర్‌టీసీ (ఈ క్రిస్టల్‌తో సమయం లెక్కపెట్టే గడియారం) నడవడం లేదనీ, ఆసిలోస్కోప్ ప్రోబ్ తగిలిస్తే మాత్రం లేచి కూర్చుంటోందనీ రాశారు. ఇది వింటే నాకు క్రిస్టల్ మీద అనుమానం రావడం లేదు. మీ ఆసిలేటర్ (క్రిస్టల్‌ని కంపింపజేసే సర్క్యూట్) గెయిన్, అంటే సిగ్నల్‌ని పెంచే బలం, బొటాబొటీగా ఉంది. అలాంటప్పుడే ఒక బోర్డు నడుస్తుంది, పక్కది మొరాయిస్తుంది.

మెగాహెర్ట్జ్ క్రిస్టల్స్‌లో ఈఎస్ఆర్ (క్రిస్టల్ లోపలి నష్టాన్ని చూపే రెసిస్టెన్స్) సాధారణంగా పదుల ఓమ్‌లలో ఉంటుంది. ఈ చిన్న ట్యూనింగ్ ఫోర్క్ క్రిస్టల్స్‌లో 50 నుంచి 90 కిలో ఓమ్‌ల దాకా ఉంటుంది. పైగా బ్యాటరీ ఆదా కోసం చిప్‌లో ఆంప్లిఫయర్‌ని చాలా బలహీనంగా పెడతారు.

చిప్‌కి కనీసం ఎంత ట్రాన్స్‌కండక్టెన్స్ (ఇన్‌పుట్ వోల్ట్‌కి ఆంప్లిఫయర్ ఇచ్చే కరెంట్) కావాలో లెక్క కట్టవచ్చు. ఈఎస్ఆర్‌ని 4తో హెచ్చించి, దాన్ని కోణీయ పౌనఃపున్యం వర్గంతోనూ, లోడ్ (క్రిస్టల్‌కి బయట కనిపించే), షంట్ (క్రిస్టల్‌లోనే ఉండే) కెపాసిటెన్స్‌ల మొత్తం వర్గంతోనూ హెచ్చించాలి. ఈఎస్ఆర్ 70 కిలో ఓమ్‌లు, షంట్ 1.5 పికోఫారడ్ అనుకుందాం. లోడ్ 12.5 పికోఫారడ్ అయితే వోల్ట్‌కి 2.3 మైక్రోయాంపియర్లు కావాలి. లోడ్ 6 అయితే 0.67 చాలు, అంటే దాదాపు మూడున్నర రెట్లు తక్కువ. చిప్ దగ్గర ఉన్నది ఈ అంకెకి కనీసం 5 రెట్లు ఉండాలి.

అందుకే క్రిస్టల్ స్టార్ట్ అవ్వకపోతే కెపాసిటర్లు పెంచి చూడమనే సలహా నాకు అస్సలు నచ్చదు, అది పరిస్థితిని ఇంకా చెడగొడుతుంది. 12.5 క్రిస్టల్ ఉంచి కెపాసిటర్లు మాత్రం తగ్గిస్తే స్టార్ట్ అవుతుంది, కానీ గడియారం ముందుకు పరిగెడుతుంది. 20 పీపీఎం (పది లక్షల్లో 20 వంతులు) తేడా వచ్చినా రోజుకి 1.7 సెకన్లు. 6 లేదా 7 పికోఫారడ్ల క్రిస్టల్ తెప్పించుకోండి. బోర్డు ట్రేస్‌లూ పిన్‌లూ కలిపి 3 పికోఫారడ్లు అనుకుంటే, 6 క్రిస్టల్‌కి రెండు వైపులా 6 పికోఫారడ్ల కెపాసిటర్లు సరిపోతాయి. డీఎస్1307 లాంటి ఆర్‌టీసీ చిప్‌లు 12.5 క్రిస్టల్ కోసమే చేసినవి, వాటికి బయట కెపాసిటర్లు అక్కర్లేదు.

ఇక ఫ్లక్స్, అంటే సోల్డరింగ్ తర్వాత బోర్డు మీద మిగిలే పదార్థం. నా దగ్గరికి వచ్చిన ఒక బోర్డు తేమ ఎక్కువగా ఉన్న పొద్దుటిపూట స్టార్ట్ అయ్యేది కాదు, మధ్యాహ్నానికి మామూలుగా నడిచేది. క్రిస్టల్ కాళ్ల మధ్య సన్నటి పసుపు పొర కనిపించింది. అక్కడి ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ (ఆంప్లిఫయర్ అవుట్‌పుట్‌ని ఇన్‌పుట్‌కి కలిపేది) విలువ 10 మెగా ఓమ్‌లు. తేమ పీల్చిన ఫ్లక్స్ దానికి సమాంతరంగా కొన్ని మెగా ఓమ్‌ల దారి తెరిచినా ఆసిలేటర్ మీద భారం పెరుగుతుంది. ఐసోప్రోపైల్ ఆల్కహాల్‌తో బ్రష్ పెట్టి తుడిచి, బాగా ఆరబెట్టాక ఆ బోర్డు మళ్లీ ఇబ్బంది పెట్టలేదు. అల్ట్రాసోనిక్ క్లీనర్‌లో మాత్రం వేయకండి. వాటిలో చాలావాటి ఫ్రీక్వెన్సీ 40 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది, లోపలి ఫోర్క్ విరిగిపోవచ్చు.

ప్రోబ్ క్రిస్టల్ పిన్‌కి పెట్టడం మానేయండి. సిగ్నల్‌ని పదో వంతుకి తగ్గించే 10ఎక్స్ ప్రోబ్ కూడా పది పికోఫారడ్లకి పైగా లోడ్ చేస్తుంది, నడుస్తున్నదాన్ని ఆపేయగలదు. తగిలించినప్పుడు వచ్చే కుదుపుకి ఆగినది మొదలవ్వనూవచ్చు. మీ దగ్గర జరుగుతున్నది అదే. చిప్‌లో క్లాక్ అవుట్‌పుట్ పిన్ ఉంటే అక్కడ చూడండి.

నేను నమ్మే పరీక్ష ఒకటుంది. క్రిస్టల్ ఒక కాలు ఎత్తి, సిరీస్‌లో చిన్న ఎస్ఎమ్‌డీ రెసిస్టర్ పెట్టండి. 100 కిలో ఓమ్‌లతో మొదలుపెట్టి 220, 330, 470 ఇలా పెంచుతూ, ప్రతిసారీ పవర్ పూర్తిగా తీసి మళ్లీ ఇవ్వండి. బ్యాకప్ బ్యాటరీ కూడా తీయాలి, లేకపోతే ఆర్‌టీసీ ఆగదు, మీకు తప్పుడు ఫలితం వస్తుంది. స్టార్ట్ అయిన అతిపెద్ద విలువకి ఈఎస్ఆర్ కలిపితే అది నెగటివ్ రెసిస్టెన్స్, అంటే ఆసిలేటర్ ఎంత నష్టాన్ని పూడ్చగలదో చూపే అంకె. 70 కిలో ఓమ్‌ల క్రిస్టల్‌కి అది 350 దాటాలి. బల్ల మీద ఒక్కసారి దాటితే సరిపోదు. అతి తక్కువ వోల్టేజి దగ్గర, చలిలో, వేడిలో కూడా దాటాలి.

ఫర్మ్‌వేర్‌లో టైమ్‌అవుట్ కూడా చూసుకోండి. ఈ క్రిస్టల్ నిలదొక్కుకోవడానికి ఒక్కోసారి రెండు సెకన్లు పడుతుంది. చిప్‌లో డ్రైవ్ లెవల్ (క్రిస్టల్‌కి ఇచ్చే శక్తి) సెట్టింగ్ ఉంటే పెంచి చూడవచ్చు, కానీ చాలా క్రిస్టల్స్‌కి 0.5 లేదా 1 మైక్రోవాటే పరిమితి.

మీ క్రిస్టల్ లోడ్ కెపాసిటెన్స్, గరిష్ఠ ఈఎస్ఆర్, చిప్ మోడల్ ఇక్కడ రాయండి, మార్జిన్ ఎంతుందో లెక్క కట్టి చెప్తాను.