ముందు పేర్లు రాసుకో, ఫొటోలు తర్వాత

అమ్మణ్ణీ,

నెల్లూరు మిషన్ ఆస్పత్రి గురించీ, అక్కడి నర్సింగ్ స్కూలు గురించీ పుస్తకం రాస్తానని కూర్చున్నావంట. మీ అమ్మ ఫోన్ చేసి "నువ్వైనా చెప్పక్కా, ఉద్యోగం చూసుకోమంటే వినడం లేదు" అని మొత్తుకుంది. దానికి సరే అన్నాను. ఫోన్ పెట్టేశాక మాత్రం మీ పెదనాన్నని నిద్ర లేపి మరీ చెప్పాను, మన పిల్ల రాస్తుందంట అని. సంతోషంగానే ఉంది, దాంతోపాటు టెన్షన్ కూడా పట్టుకుంది. అందుకే ఈ ఉత్తరం.

చిన్నవి ముందు చెప్పేస్తా. ఆస్పత్రి వాళ్ళ దగ్గర పర్మిషన్ కాగితం మీద తీసుకో, నోటిమాట నమ్మకు. పాత రిజిస్టర్లు తిరగేసేటప్పుడు మాస్క్ పెట్టుకో, నీకసలే ఆయాసం. రోహిణి కార్తెలో స్కూటీ మీద హైవే ఎక్కావని తెలిస్తే మాత్రం ఊరుకోను. బస్సుంది, బస్సులో పో.

దొరల గురించి, డాక్టరమ్మల గురించి నీకు పెద్ద ఇబ్బంది ఉండదు. 1840లో అమెరికా బాప్టిస్టు మిషనరీ డే దొర నెల్లూరు వచ్చినప్పటి నుంచీ ఈ మిషన్ వాళ్ళు అమెరికాకి రిపోర్టులు రాస్తూనే ఉన్నారు. చందాలిచ్చే వాళ్ళకి లెక్క చెప్పాలి కదా మరి. ఆ కాగితాల కోసం అట్లాంటాలో ఉన్న అమెరికన్ బాప్టిస్ట్ హిస్టారికల్ సొసైటీకి మెయిల్ పెట్టి అడుగు. 1871లో అమెరికాలోని బాప్టిస్టు ఆడవాళ్ళు తమకంటూ ఒక సొసైటీ పెట్టుకుని మన దేశానికి టీచర్లనీ డాక్టరమ్మలనీ పంపడం మొదలుపెట్టారు. మగ డాక్టరు చెయ్యి పడకూడదని కాన్పు కష్టమైన మనిషిని ఇంట్లోనే ఉంచేసుకుని చంపుకున్న రోజులవి. ఆడవాళ్ళకని వేరే ఆస్పత్రి అందుకే వచ్చింది.

అయితే డాక్టరమ్మ ఒక్కతే ఏం చేస్తుంది చెప్పు? భాష రాదు, ఊళ్ళు తెలియవు. నొప్పులు పడుతున్న మనిషి పక్కన రాత్రంతా కూర్చున్నదీ, గుడ్డలు మార్చిందీ, అత్తగారికి నచ్చజెప్పిందీ మన పిల్లలు. ఆ పనికి పెద్దకులాల వాళ్ళు తమ ఆడపిల్లల్ని పంపలేదు. ఎక్కువమంది మాల మాదిగ క్రైస్తవుల ఇళ్ళ నుంచీ, మిషన్ బోర్డింగుల నుంచీ వచ్చారు, చిన్నప్పుడే భర్త పోయిన వాళ్ళూ ఉన్నారు. ఈ మాట మొహమాటపడకుండా రాయి. రాయకపోతే ఇక నీ పుస్తకం ఎందుకు?

ఇదే మిషన్‌కి చెందిన ఒంగోలు క్లౌ దొర 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇప్పించాడని చర్చికి పోయే వాళ్ళెవరిని అడిగినా అంకెతో సహా చెబుతారు. నర్సింగ్ స్కూలు మొదటి బ్యాచ్‌లో ఎవరెవరు చదివారో వాళ్ళనే అడిగి చూడు.

నా భయమంతా అక్కడే. ఎందుకో చెబుతా విను. ఇది నువ్వు రాయబోయే ఆస్పత్రి సంగతి కాదు, నేను చాలా ఏళ్ళు పనిచేసిన ఇంకోటి, పేరు వద్దులే. జూబిలీకి సావనీరు వేద్దామని ఒక కమిటీ వేశారు. అందులో ఆఫీసు వాళ్ళున్నారు, పెద్దమనుషులున్నారు, నర్సు మాత్రం ఒక్కరు లేరు. రిటైరైన సిస్టర్ల ఇళ్ళకి పోయి, ట్రంకు పెట్టెలు తీయించి, అచ్చు కాగానే తెచ్చిస్తామని చెప్పి ఫొటోలన్నీ పట్టుకుపోయారు. కింద పేర్లు ఎవరినీ అడక్కుండా తోచినట్టు వేశారు. మాకు మిడ్‌వైఫరీ చెప్పిన సిస్టర్ ఒకరు ఉండేవారు. డాక్టరు ఊళ్ళో లేని రాత్రి బిడ్డ ఎదురుకాళ్ళతో వస్తుంటే మా చేతుల మీద తన చెయ్యి వేసి నేర్పిన మనిషి. సావనీరులో ఆవిడ ఫొటో కింద "వార్డు ఆయా" అని వేశారు. ఆయాలని తక్కువ చేసి అనడం లేదు. పక్కన నిలబడింది నిజంగానే ఆయా, ఆవిడ కింద ఏమీ వేయలేదు. ఒకరికి పేరు పోయింది, ఇంకొకరికి చేసిన పని పోయింది. మధ్యలో కుర్చీలో కూర్చున్న అమెరికా డాక్టరమ్మకి మాత్రం డిగ్రీలన్నీ ఉన్నాయి.

ఆ సిస్టర్ ఫంక్షన్‌కి వచ్చారు. కళ్ళజోడు పెట్టుకుని ఆ పేజీ చదివారు, పుస్తకం సంచిలో పెట్టుకున్నారు, భోజనం చేశారు. నేనే ఆగలేక కమిటీ మీద అరవబోతే చెయ్యి పట్టి ఆపి, "అచ్చు బాగానే వచ్చిందిలే, నా ఫొటో ఎప్పుడిస్తారో కనుక్కో" అన్నారు. ఎన్నిసార్లు కనుక్కున్నా ప్రెస్సు వాళ్ళని అడగమన్నారు. ప్రెస్సు వాళ్ళేమో ఎప్పుడో ఇచ్చేశామన్నారు. ట్రైనింగులో నర్సు టోపీ పెట్టిన రోజు తీసిన ఆవిడ క్యాపింగ్ ఫొటో అదొక్కటే. ఆవిడ పోయాక ఇంటికి వెళ్తే గోడ మీద సావనీరులోని ఆ పేజీనే చింపి ఫ్రేము కట్టించి ఉంది, కింద అక్షరాలు కనపడకుండా అట్టముక్క అడ్డం పెట్టి.

కాబట్టి ఎవరింట్లోంచీ ఒక్క కాగితం బయటికి తేవద్దు. వాళ్ళే ఇచ్చినా తీసుకోకు. వాళ్ళ మంచం మీదే పరిచి ఫోన్‌తో ఫొటో తీసుకో, వెనకవైపు కూడా తియ్యి. ఎడమ నుంచి ఒక్కొక్కరూ ఎవరో అడిగి రాసుకుని, రాసింది వాళ్ళకే చదివి వినిపించు. పుట్టింటి ఇంటిపేరు, ఊరు తప్పకుండా అడుగు. బ్యాచ్‌కి ఇద్దరు ఎస్తేరులు, ముగ్గురు రూతులు ఉంటారు, పెళ్ళయ్యాక ఇంటిపేర్లు మారిపోయి ఉంటాయి. ఊరు పేరుతో జిల్లా కూడా జాగ్రత్త. కందుకూరు 1970 దాకా నెల్లూరు జిల్లా, తర్వాత ప్రకాశం, 2022లో మళ్ళీ నెల్లూరులో కలిపారు. అదే మనిషి అడ్రసు ఒక్కోచోట ఒక్కో జిల్లాతో కనిపిస్తే వేరే మనిషి అనుకునేవు. బాగా పాతవాళ్ళ సర్టిఫికెట్ల మీద మద్రాసు నంబరు ఉంటే కంగారుపడకు. 1926 చట్టం వచ్చాక నర్సులూ మంత్రసానులూ రిజిస్టరయ్యింది అక్కడే, 1953 దాకా మనం వాళ్ళతోనే కదా.

రిజిస్టర్లలో లేనివి అడుగు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను సంగతి అడుగు. కిటికీ రెక్కలు ఊడిపోతే బాలింతలందర్నీ కారిడార్‌లోకి మార్చాము, కరెంటు లేక కిరోసిన్ స్టవ్ మీద కత్తెరలు మరగబెట్టాము. ఆ రాత్రి పుట్టిన పిల్లలు ఇప్పుడు సంసారాలు చేసుకుంటున్నారు. ఎవరో చెప్పను, నువ్వూ రాయకు. నర్సుల పేర్లు ఒక్కటి కూడా వదలొద్దు, పేషెంట్ల పేర్లు మాత్రం ఒక్కటి కూడా రాయొద్దు. కాన్పుల రిజిస్టరులో తండ్రి పేరు గడి ఖాళీగా ఉండటం నువ్వు చూస్తావు. చూసి పేజీ తిప్పెయ్.

ఆస్పత్రి రికార్డులు ఎక్కడికీ పోవు, వచ్చే నెల చూసుకోవచ్చు. ముందు కావలిలో మా సీనియర్ ఒకరున్నారు, తొంభై దాటింది, అడ్రసు విడిగా పంపుతా, ఈ వారమే పో. పొద్దున పది లోపల వెళ్ళు, తర్వాత నిద్రపోతారు. కుడి చెవి వినపడదు, ఎడమ పక్కన కూర్చో. నా పేరు చెబితే ముందు ఒక పావుగంట నన్ను తిడతారు, అది కూడా రాసుకో.

మీ పెద్దమ్మ