ముందు చూడు, తర్వాత తీసేద్దువు

అమ్మలూ,

నీ ఫోన్‌ని ఎవరో దొంగచాటుగా చూస్తున్నారేమోనని అడిగిన నీ మెసేజ్ నీ నంబర్ నుంచి కాకుండా స్నేహితురాలి నంబర్ నుంచి వచ్చింది చూడు, ఆ జాగ్రత్త నాకు నచ్చింది. నా జవాబూ ఆ ఫోన్‌కే పంపుతున్నా, అందులోనే చదువుకో. నీ ఫోన్‌లో దీని గురించి గూగుల్‌లో వెతకను కూడా వెతకకు. నిజంగా ఎవరైనా చూస్తుంటే నువ్వు వెతికిందీ చూస్తారు.

బ్యాటరీ త్వరగా దిగిపోతోందనీ, ఫోన్ కాలిపోతోందనీ, కాల్‌లో గరగరమంటోందనీ రాశావు. వీటిని నేను పెద్దగా లెక్కచెయ్యను. ఇరవై ఏళ్లు ఫోన్లు విప్పి బిగించినవాణ్ణి, ఇలా భయపడుతూ వచ్చినవాళ్లలో చాలామంది ఫోన్లకున్న జబ్బు ముసలి బ్యాటరీయే. గరగర సిగ్నల్ సరిగా లేక వస్తుంది, ఎవరో వింటున్నందుకు కాదు. ఇక *#21# కొడితే ట్యాపింగ్ బయటపడుతుందన్న మాట నమ్మకు. నీ కాల్స్ వేరే నంబర్‌కి ఫార్వర్డ్ అవుతున్నాయా లేదా అన్నదొక్కటే అది చెప్పేది. కొట్టి చూస్తే తప్పులేదు గానీ, అక్కడ ఏమీ లేదని నిశ్చింతగా కూర్చోకు.

నాకు గుచ్చుకున్నది నీ చివరి మాట: "నేను చెప్పకుండానే అన్నీ తెలిసిపోతున్నాయి బాబాయ్." అన్నీ అంటే ఏవేవి? ఒక కాగితం తీసుకుని రాయి. ఎక్కడికెళ్లావో మాత్రమే తెలుస్తోందా? వాట్సాప్‌లో రాసుకున్న మాటలా? లేక మామూలు ఎస్సెమ్మెస్‌లు, ఫొటోలు, ఎవరికి కాల్ చేశావో అదీనా? నీళ్లు ఎక్కడ కారుతున్నాయో చూస్తేనే కదా ఏ గొట్టం పగిలిందో తెలిసేది.

వాట్సాప్ మాటలే బయటికి పోతుంటే, దాని సెట్టింగ్స్‌లో లింక్డ్ డివైసెస్ తెరువు. నీ ఫోన్ కాక ఇంకో నాలుగింటిని దానికి కలుపుకోవచ్చు. నువ్వు స్నానానికి వెళ్లినప్పుడు ఎవరైనా నీ ఫోన్ తీసి, తమ లాప్‌టాప్ తెర మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే చాలు, అర నిమిషం పని. ఆ తర్వాత నీ ఫోన్ ఆఫ్‌లో ఉన్నా నీకొచ్చే మెసేజ్‌లు అక్కడా కనిపిస్తాయి. ఆ జాబితాలో ఏ కంప్యూటరు, చివరిసారి ఎప్పుడు వాడారు అన్నది ఉంటుంది. "ఇది నాది కాదే" అనిపించిన చోట ఆగు.

లొకేషన్ మాత్రమే పోతుంటే గూగుల్ మ్యాప్స్‌లో నీ ఫొటో మీద నొక్కి లొకేషన్ షేరింగ్ చూడు. ఐఫోన్ అయితే ఫైండ్ మై యాప్‌లో పీపుల్. అక్కడ ఎవరూ లేకపోతే గూగుల్ అకౌంట్‌లోనో యాపిల్ అకౌంట్‌లోనో ఏయే డివైస్‌లు లాగిన్ అయి ఉన్నాయో చూడు. నీ పాస్‌వర్డ్ తెలిసినవాళ్లకి నీ ఫోన్‌లో ఏదీ పెట్టాల్సిన పని లేదు, వాళ్లింట్లో కూర్చునే పోయిన ఫోన్‌ని వెతికినట్టు నిన్ను వెతకొచ్చు. ఐఫోన్ వాడేవాళ్ల విషయంలో ముందుగా అనుమానించాల్సింది దీన్నే. ఫోన్ కాకుండా హ్యాండ్‌బ్యాగ్‌లోనో బండి సీటు కిందో బిళ్లంత ట్రాకర్ పడేసినా ఇదే ఫలితం. 2024 నుంచి కొత్త ఐఫోన్లూ ఆండ్రాయిడ్ ఫోన్లూ రెండూ అలాంటివి వెంట తిరుగుతుంటే హెచ్చరిస్తున్నాయి. ఆ హెచ్చరిక వస్తే తుడిచెయ్యకు.

అన్నీ పోతుంటే మాత్రం గూఢచారి యాప్ ఉందేమో చూడాలి. ఇక్కడ ఒక సంగతి చెబుతాను. ఒకావిడ ఆండ్రాయిడ్ ఫోన్ తెచ్చి, నీలాగే బ్యాటరీ అంది. హోమ్ స్క్రీన్ మీద అనుమానించదగ్గ ఐకాన్ ఒక్కటీ లేదు. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్లాను. కళ్లు కనపడనివాళ్లకి తెర చదివి వినిపించే యాప్‌లకి ఇచ్చే అనుమతి అది. దాన్నే ఈ యాప్‌లు నువ్వు టైప్ చేసే ప్రతి అక్షరం చదవడానికి వాడుకుంటాయి. అక్కడ పళ్లచక్రం బొమ్మతో "సిస్టమ్ సర్వీస్" అని ఒకటి ఆన్‌లో ఉంది. తీసేద్దామంటే అన్‌ఇన్‌స్టాల్ బటన్ వెలిసిపోయి నొక్కుడు పడలేదు. డివైస్ అడ్మిన్ యాప్స్‌లో, అంటే ఫోన్ మీద ప్రత్యేక అధికారం ఇచ్చిన యాప్‌ల జాబితాలో చూస్తే అక్కడా అదే కూర్చుని ఉంది. చెడ్డ యాప్‌లని పట్టుకునే గూగుల్ కాపలా, ప్లే ప్రొటెక్ట్, దాన్ని ఎవరో ఆపేశారు. నేను గొప్పగా అడ్మిన్ టిక్ తీసి, అన్‌ఇన్‌స్టాల్ చేసి, నవ్వుతూ ఫోన్ చేతికిచ్చాను.

ఆ సాయంత్రమే ఇంట్లో ఆవిడని నిలదీశారట. యాప్ నుంచి సమాచారం ఆగిపోగానే అవతలివాళ్లకి తెలిసిపోతుంది కదా. నాకు ఫోన్ గురించి తెలుసు, మనుషుల గురించి తట్టలేదు. ఆ తప్పు నా చేత మళ్లీ చేయించకు.

అందుకే ఇప్పుడు ఏదీ తీసెయ్యకు. అనుమానంగా కనిపించిన తెరని నీ స్నేహితురాలి ఫోన్‌తో ఫొటో తియ్యి. స్క్రీన్‌షాట్ వద్దు, అది నీ గ్యాలరీలో పడుతుంది, చూసేవాళ్లకి ముందు అదే కనిపిస్తుంది. ఎవరి మీద అనుమానమో నువ్వు రాయలేదు, నేనూ అడగను. అయితే ఆ మనిషికి తెలిస్తే నీ మీద చెయ్యి పడే ప్రమాదం ఉందా? ఉంటే ముందు నువ్వు ఎక్కడ ఉండాలో తేల్చుకో, ఫోన్ సంగతి తర్వాత.

అలాంటిదేమీ లేదనుకుంటేనే కదులు. వేరే ఫోన్ నుంచి ఈమెయిల్ పాస్‌వర్డ్ మార్చి, తెలియని డివైస్‌లన్నింటినీ లాగౌట్ చేసి, రెండో తాళంగా టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టు. ఆ తర్వాతే ఫ్యాక్టరీ రీసెట్, అంటే ఫోన్‌లో ఉన్నదంతా తుడిచి కొత్తదానిలా చెయ్యడం. పాత బ్యాకప్ మొత్తం మళ్లీ ఎక్కించకు, యాప్‌లు ఒక్కొక్కటిగా స్టోర్ నుంచే వేసుకో. లాక్ పిన్ ఎవరికీ తెలియనిది పెట్టు. పుట్టినరోజులు, బండి నంబర్లు వద్దు. వేలిముద్రల జాబితా కూడా తెరువు. నువ్వు రెండు వేళ్లు పెట్టావనుకో, అక్కడ మూడు ఉంటే ఆ మూడోది ఎవరిది? చాలా ఫోన్లలో ఆ పేజీలో ఉండగా వేలు పెడితే నీ వేలి వరస ఒక్కసారి మెరుస్తుంది. మెరవనిది నీది కాదు.

పెగాసస్ అనే గూఢచారి సాఫ్ట్‌వేర్ పేరు విని బెదురుతున్నావేమో. 2019లో వాట్సాప్ కాల్ ఎత్తకపోయినా ఫోన్‌లోకి దూరింది అది, నిజమే, 1,400 ఫోన్ల దాకా. కానీ దాన్ని అమ్మేది ప్రభుత్వాలకి. మనలాంటివాళ్ల గొట్టం పగిలేది ఇంత దూరంలో కాదు, మన లాక్ తెలిసిన చేతుల్లో.

నీ ఫోన్ ఏ కంపెనీదో రాయలేదు. మెనూల పేర్లు ఒక్కో ఫోన్‌లో ఒక్కోలా ఉంటాయి, కనపడకపోతే సెట్టింగ్స్ పైన వెతుకుపెట్టెలో "యాక్సెసిబిలిటీ" అని కొట్టు. ఆ కాగితం రాయడం అయ్యాక స్నేహితురాలి ఫోన్‌తో ఫొటో తీసి పంపు. ఏ గొట్టమో ఇద్దరం చూద్దాం.

బాబాయ్