బాక్స్ మీద పడిపోకుండా స్నోబోర్డ్ నడపాలంటే

మీ ప్రశ్న ఇది: మలుపులు బాగానే వచ్చాయి, బ్లూ రన్స్ (మధ్యస్థాయి వాలులు) భయం లేకుండా దిగుతున్నాను, కానీ పార్క్‌లో (విన్యాసాల కోసం అడ్డంకులు పెట్టిన చోట) బాక్స్ (మీద జారడానికి పెట్టే పొడవాటి పెట్టె) ఎక్కగానే వెల్లకిలా పడుతున్నాను, ముప్పై అయిదు దాటాక రెయిల్స్ (జారే కమ్మీలు), బాక్సులు నేర్చుకోవచ్చా? నిక్షేపంగా నేర్చుకోవచ్చు. నేనూ మీలాగే న్యూజెర్సీలో ఉంటాను. ఈస్ట్ రూథర్‌ఫర్డ్‌లోని బిగ్ స్నో అనే మంచు కేంద్రంలో, ఆఫీసు అయ్యాక సాయంత్రాలు వెళ్తూ, దాదాపు మీ వయసులోనే మొదలుపెట్టాను. ఇండోర్ కాబట్టి వేసవిలోనూ మంచు ఉంటుంది, నేర్చుకున్నది మర్చిపోయేంత గ్యాప్ రాదు.

మీరు పడుతున్నది ధైర్యం చాలక కాదు. ఇన్నాళ్లూ మంచు మీద మీ ఒంటికి అలవాటైంది ఒక్కటే: అదుపు తప్పుతోంది అనిపించగానే మడమల మీద బరువు వేయడం. అక్కడ హీల్ ఎడ్జ్ (మడమల వైపు బోర్డు అంచు) మంచులో దిగబడుతుంది, బోర్డు ఆగుతుంది. బాక్స్ పైభాగం ప్లాస్టిక్, రెయిల్ ఉక్కు. ఎడ్జ్ దిగబడటానికి అక్కడేమీ లేదు. అదే పని చేస్తే బోర్డు కాళ్ల కిందనుంచి ముందుకు తన్నుకుపోతుంది, మీరు నడుం మీద పడతారు. తడిసిన గ్రానైట్ గచ్చు మీద మనం ఎలా నడుస్తాం? పాదమంతా ఒకేసారి ఆనించి, ఎటూ తోయకుండా. బాక్స్ మీద బోర్డు కూడా అంతే, అడుగుభాగం మొత్తం చదునుగా ఉండాలి.

ఈ అలవాటు బాక్స్ మీద కాదు, మంచు మీదే చేసుకోవాలి. బాగా తక్కువ వాలున్న చోట, గ్రూమింగ్ (యంత్రంతో మంచు చదును) చేశాక మంచు మీద పడే సన్నటి చాళ్లు చూసే ఉంటారు. అందులో ఒక చాలు పట్టుకుని, ఏ ఎడ్జూ వాడకుండా, నిదానంగా తిన్నగా జారండి. మొదట్లో బోర్డు అటూ ఇటూ ఊగుతుంది, టెన్షన్ వస్తుంది. ఊగినా సరిచేయకుండా మోకాళ్లు వంచి ఊరుకోవడమే ఇక్కడ నేర్చుకోవాల్సింది. నా మటుకు నాకు, పార్క్‌లో ఎంతసేపు గడిపినా రానిది దీనితో వచ్చింది.

తర్వాత, చిన్న సైజు అని గుర్తు పెట్టిన, వెడల్పాటి, నేలకు దగ్గరగా ఉన్న బాక్స్ ఎంచుకోండి. మంచు బాక్స్ అంచు వరకూ సమంగా ఉండాలి, ఎగిరి ఎక్కాల్సిన పని ఉండకూడదు. ముందు పక్కన నిలబడి, మిగతావాళ్లు ఎక్కడినుంచి బయల్దేరుతున్నారో చూడండి. మీరూ అక్కడినుంచే రండి. భయంతో మరీ నెమ్మదిగా వస్తే మధ్యలోనే వేగం చచ్చిపోతుంది, అప్పుడు బ్యాలెన్స్ నిలవదు. బాక్స్‌కు ముందు చివరి కొన్ని గజాల్లో మలుపులు వద్దు. భుజాలు బోర్డుకు సమాంతరంగా, చూపు బాక్స్ అవతలి చివర మీద. కాళ్ల వైపు చూస్తే తలతో పాటు నడుమూ వంగి, బరువు ఒక పక్కకు పోతుంది. మంచు చప్పుడు ఆగి, కింద డొల్లగా ప్లాస్టిక్ మోత వినిపిస్తుంది. సరిగ్గా అప్పుడే మడమలు నొక్కాలనిపిస్తుంది, నొక్కకండి. బోర్డంతా మళ్లీ మంచు మీదికి వచ్చాకే తిప్పండి. దీన్నే ఫిఫ్టీ-ఫిఫ్టీ అంటారు.

ఇది నిలకడగా వచ్చేదాకా బోర్డ్‌స్లైడ్ జోలికి వెళ్లొద్దని నా గట్టి అభిప్రాయం. బోర్డ్‌స్లైడ్‌లో బోర్డు బాక్స్‌కు అడ్డంగా తిరుగుతుంది. మొదట బ్యాక్‌సైడ్ అనే రకం నేర్చుకోండి, అందులో దిగువకు ముఖం ఉంటుంది కాబట్టి చివర కనిపిస్తుంది. తిరగాల్సింది నడుము కింద భాగం, భుజాలు కాదు. స్లోప్‌స్టైల్ (రెయిల్స్, జంప్‌ల మీద విన్యాసాల పోటీ) 2014 సోచి నుంచి ఒలింపిక్స్‌లో ఉంది కదా, ఆ వీడియోల్లో రెయిల్స్ భాగం చూడండి, భుజాలు ఎంత నిమ్మళంగా ఉంటాయో. బాక్స్ అయిపోయే ముందే బోర్డును తిన్నగా తెచ్చేయండి. అడ్డంగానే దిగితే టో ఎడ్జ్ (కాలివేళ్ల వైపు అంచు) మంచులో తగులుకుని బోర్లా పడతారు. రెయిల్స్ ఆ తర్వాత, అవీ ముందు చదునైనవి, గుండ్రటివి చివర్లో.

వయసు సంగతి అడిగారు. హెల్మెట్‌తో పాటు మణికట్టు గార్డులు, లోపల ప్యాడెడ్ షార్ట్స్ తప్పకుండా వేసుకోండి. స్నోబోర్డింగ్ కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఎక్కువగా విరిగేది మణికట్టే. పడేటప్పుడు అరచేతులు చాచకుండా పిడికిళ్లు బిగించండి. పడితే వెంటనే పక్కకు జరగండి, దిగే చోట కూర్చుంటే పైనున్నవాళ్లకు మీరు కనబడరు.

సొంత బోర్డు ఉంటే, పాదాల మధ్య ఎడ్జ్ పదును ఆకురాయితో కాస్త తగ్గించండి, రెయిల్ మీద తగులుకోదు. అద్దె బోర్డుకు మాత్రం ఆ పని చేయకండి, డబ్బులు కట్టాల్సి రావచ్చు. పార్క్‌లో వాడుతున్నానని చెప్పి, రెండు చివరలూ ఒకేలా ఉండే మెత్తటి బోర్డు ఇవ్వమని అడగండి.