సబ్‌వూఫర్ గుయ్‌మంటోంది... ఎర్తింగ్ బాగాలేదని వారంటీ ఎగ్గొట్టొచ్చా?

ప్రశ్న: మాది విజయవాడ. అయిదు నెలల క్రితం ఆన్‌లైన్‌లో 34 వేలు పెట్టి హోమ్ థియేటర్ కొన్నాం. ఏడాది వారంటీ ఉంది. మూడో నెల నుంచి సబ్‌వూఫర్ (బాస్ మోగించే స్పీకర్ బాక్సు) ఆన్ చేస్తే చాలు, పాటలేవీ పెట్టకపోయినా గుయ్‌మని ఒకటే మోత. సినిమా పెడితే మధ్యమధ్యలో గరగర. కంపెనీ మెకానిక్ వచ్చి, ‘మీ ఇంట్లో ఎర్తింగ్ బాగాలేదు, బాక్సులో లోపం లేదు’ అని చెప్పి వెళ్లిపోయాడు. ఇప్పుడు ఫోన్ చేస్తే వారంటీ వర్తించదంటున్నారు. వెబ్‌సైటు వాళ్లేమో పది రోజుల రిటర్న్ గడువు దాటిందంటున్నారు. ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేస్తే మోత పోతుందని మా ఎలక్ట్రీషియన్ సలహా. కింది వాటా వాళ్లు పోలీసులకు చెబుతామంటున్నారు. కన్జ్యూమర్ కోర్టుకు వెళ్లొచ్చా?

జవాబు: వెళ్లొచ్చు. కానీ ముందు ఆ పిన్ను సంగతి. దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వకండి. తీసేస్తే మోత తగ్గొచ్చు. కానీ లోపల ఇన్సులేషన్ దెబ్బతిన్న రోజున కరెంటుకు ఎర్త్ దారి ఉండదు. బాక్సు వెనకాల ఉన్న లోహపు పలకను తాకిన వాళ్లకు షాక్ కొడుతుంది. కేసుకూ నష్టమే. ప్లగ్గు మార్చారన్న ఒక్క ముక్క దొరికితే చాలు, కంపెనీ లాయరు మిగతా వాదన అంతా దాని చుట్టూనే తిప్పుతాడు.

మీ కేసు గెలుపోటములు చట్టంలో కంటే ఆ చప్పుడు ఎక్కడిదన్న దాంట్లోనే ఉన్నాయి. బాక్సుదైతే కంపెనీ బాధ్యత. ఇంటి వైరింగుదో, కేబుల్ టీవీ లైనుదో అయితే వినియోగదారుల కమిషన్‌లో (కన్జ్యూమర్ కోర్టు అసలు పేరు ఇదే) మీరు ఓడిపోతారు. పైగా మీరు గుయ్‌మనే మోత, గరగర రెండూ కలిపి రాశారు. అవి వేరు వేరు. ఫిర్యాదులోనూ విడివిడిగానే రాయాలి.

ముందు మోత సంగతి. సబ్‌వూఫర్‌కు వచ్చే సౌండ్ కేబుల్ పీకేసి, పవర్ మాత్రమే ఉంచి ఆన్ చేయండి. మోత ఆగిపోతే అది కేబుల్ గుండా బయటి నుంచి వస్తున్నట్టు. అప్పుడు సౌండ్ కేబుల్ తిరిగి పెట్టి, సెట్‌టాప్ బాక్సుకు వచ్చే కేబుల్ టీవీ వైరు ఊడదీసి చూడండి. మోత పోతే కారణం ఆ వైరే. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది. ఆ వైరు ఎర్త్, మీ ఇంటి ఎర్త్ సరిపడకపోతే ఆ 50, 100 హెర్ట్జ్ మోతే స్పీకర్లో వినిపిస్తుంది. దాన్నే గ్రౌండ్ లూప్ అంటారు. ఇదే కారణమని తేలితే నా సలహా సూటిగా చెబుతాను, కేసు వేయకండి. కేబుల్ లైనుకు ఐసొలేటర్ (రెండు ఎర్త్‌ల మధ్య లింకు తెంచే చిన్న పరికరం) పెట్టించుకుంటే సరిపోతుంది.

సౌండ్ కేబుల్ పీకేశాక కూడా మోత ఆగలేదా? బాక్సును ఎర్తింగ్ సరిగ్గా ఉన్న వేరే ఇంటికి తీసుకెళ్లి, అక్కడా పవర్ మాత్రమే ఇచ్చి చూడండి. అక్కడా మోగితే లోపం లోపలి ఆంప్లిఫయర్‌లోనో పవర్ సప్లయిలోనో ఉన్నట్టు. మెకానిక్ మాట అక్కడితో తేలిపోయింది. మీ ఉత్తరంలో మీరే గమనించని బలమైన పాయింటు ఇంకొకటుంది. మొదటి రెండు నెలలూ ఇదే ఇల్లు, ఇదే ఎర్తింగ్. అప్పుడు లేని మోత మూడో నెలలో ఎందుకొచ్చింది? ఆ మధ్యలో కొత్త టీవీ, కొత్త సెట్‌టాప్ బాక్సు లాంటివి పెట్టలేదని నిజాయతీగా చెప్పగలిగితే, ఎర్తింగ్ వాదనకు ఈ ప్రశ్నే జవాబు.

గరగర కోసం బాక్సును షోకేసుకు, కిటికీ అద్దాలకు దూరంగా పెట్టి వినండి. చాలాసార్లు గరగర షోకేసు అద్దానిదే అవుతుంది! దూరంగా పెట్టినా, సౌండ్ తగ్గించినా గీసుకుంటున్నట్టు వినిపిస్తే వాయిస్ కాయిల్ (స్పీకర్ లోపలి తీగచుట్ట) రాసుకుంటూ ఉండొచ్చు. అది లోపమే. గెయిన్ నాబ్ (సబ్‌వూఫర్ సౌండ్ పెంచే నాబ్) చివరిదాకా తిప్పినప్పుడు మాత్రమే వస్తే, వాడకం సరిగా లేదని కంపెనీ అంటుంది. ఆ మాట తేలిగ్గా తీసిపారేయలేం.

ఇవన్నీ ఒక్క బిట్‌గా, మధ్యలో ఆపకుండా వీడియో తీయండి. సీరియల్ నంబరు, కేబుల్ పీకడం, చప్పుడు మూడూ అందులో రావాలి. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తో మీ ఇంటి ఎర్తింగ్ కొలిపించి ఆ రీడింగు రాతపూర్వకంగా తీసుకోండి. మెకానిక్ నోటిమాటగా చెప్పి వెళ్లిపోయింది కోర్టులో పనికిరాదు, మీకూ వాళ్లకూ కూడా. జాబ్ షీట్ (మెకానిక్ చూసిందీ చేసిందీ రాసే కాగితం) కాపీ అడగండి. ఇవ్వకపోతే, ఏ కారణంతో వారంటీ నిరాకరిస్తున్నారో రాసివ్వాలని ఈమెయిల్ పెట్టండి. ఈమెయిల్‌కు జవాబు రాకపోయినా అది మీకు సాక్ష్యమే.

ఇక చట్టం. వినియోగదారుల రక్షణ చట్టం 2019లోని సెక్షన్ 2(10) ప్రకారం చట్టం, ఒప్పందం లేదా అమ్మినవాళ్లు చెప్పుకున్న మాట ప్రకారం ఉండాల్సిన నాణ్యత లేకపోతే అది లోపమే. రిటర్న్ గడువు దాటిందన్నది వెబ్‌సైటు పెట్టుకున్న నిబంధన. దానివల్ల వారంటీ పోదు. వివాదానికి కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు చేయొచ్చని సెక్షన్ 69 చెబుతోంది. వెబ్‌సైటు ఆఫీసు ఎక్కడున్నా ఫర్వాలేదు. సెక్షన్ 34 ప్రకారం మీరు నివసించే చోటనే, అంటే విజయవాడలోని జిల్లా కమిషన్‌లోనే వేసుకోవచ్చు. చెల్లించిన ధర 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు. లాయరూ తప్పనిసరి కాదు (ఈ మాట నేనే చెప్పడం మా తోటి లాయర్లకు నచ్చదనుకోండి).

ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేయండి, వెబ్‌సైటులో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ అధికారికీ రాయండి. ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆయన 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలియజేసి, నెలలో పరిష్కరించాలి. కదలిక లేకపోతే పదిహేను రోజుల గడువిచ్చి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. బిల్లు మీద విక్రేత పేరు చూసుకోండి, అది చాలాసార్లు వెబ్‌సైటు పేరు కాదు. ఆ విక్రేతను, తయారీదారును, వెబ్‌సైటును ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చాలి. రిపేరు, అది కుదరకపోతే కొత్త బాక్సు, అదీ కాకపోతే డబ్బు వాపసు కోరండి. పరిహారం, ఖర్చులు సమంజసంగా అడగండి. 34 వేల వస్తువుకు మనోవేదన కింద 5 లక్షలు అడిగితే కమిషన్ మీ మిగతా మాటల్నీ అనుమానంగా చూస్తుంది.

కింది వాటా వాళ్లతో మాత్రం సర్దుకుపోండి. శబ్ద కాలుష్య నిబంధనలు 2000 ప్రకారం నివాస ప్రాంతంలో పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45. బాస్ శబ్దం స్లాబు గుండా కిందికి దిగుతుంది, వాళ్లకూ ఇబ్బందే. రాత్రి పదయ్యాక సబ్‌వూఫర్ ఆపేయండి. సొంత ఇల్లు, సొంత బాక్సు అన్న జవాబు పోలీసుల దగ్గర చెల్లదు.

కంపెనీ లోపమే లేదని గట్టిగా నిలబడితే, వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38 కింద కమిషన్ వస్తువును లాబొరేటరీకి పంపించగలదు. ఆ ఖర్చు ముందుగా మిమ్మల్నే కట్టమనొచ్చు. పరీక్షకు వెళ్లే బాక్సు కంపెనీ నుంచి వచ్చినట్టే ఉండాలి. అందుకే ఈ లోపు వీధి చివర రిపేరు షాపులో దాన్ని విప్పించకండి, ఒక్క స్క్రూ కూడా.