గూడా, గర్భగుడా, మిహ్రాబా?

సందేహం: గురువుగారికి నమస్కారం. స్పెయిన్‌లోని కార్డోబా మసీదు మీద ఒక యాత్రా వ్యాసాన్ని ఇంగ్లిష్ నుంచి తెలుగు చేస్తున్నాను. అందులో ‘మిహ్రాబ్’ అనే మాట పదే పదే వస్తోంది. అర్థం వెతికితే ‘గోడలోని గూడు’ అని తెలిసింది. అంత గొప్ప కట్టడానికి గూడు అనే మాట మరీ చిన్నగా అనిపించి ‘గర్భగుడి’ అని రాశాను. నా వాక్యం ఇది: ‘కార్డోబా మసీదు పడమటి గోడలోని గర్భగుడి అల్ హకం II చే 965లో నిర్మించబడినది.’ మా ఆఫీసులో ఒక ముస్లిం సహోద్యోగి చదివి, ‘గర్భగుడి అనకండి మేడం, అది వేరు’ అన్నారు. ఇంకొకాయన ‘మెహరాబ్ అంటే కమాను కదా’ అన్నారు. ఈ వారంలో వ్యాసం ఇచ్చెయ్యాలి, టెన్షన్‌గా ఉంది. ఏం రాయమంటారు?

సమాధానం: అమ్మా, మీ సహోద్యోగి మాట సరైనది. గర్భగుడి తీసేయండి. గూడు మీరనుకున్నంత చిన్న మాటేం కాదు, కానీ మీ వాక్యంలో అదీ కుదరదు. మీరు రాస్తున్న మసీదులో మిహ్రాబు గూడులా కాక గదిలా ఉంటుంది. ఇదంతా కాస్త విడమరిచి చెప్పాలి.

ముందు గర్భగుడి సంగతి. మూలవిరాట్టు ఉండే చోటు గర్భగుడి. అక్కడ దేవుడున్నాడు కాబట్టే చుట్టూ గుడి ఉంది. గడప లోపలికి అర్చకులు వెళ్తారు, మనం ఇవతల నిలబడి దర్శనం చేసుకుంటాం. ఆ ఒక్క మాట రాయగానే చదివేవాళ్ల కళ్ల ముందు ఇదంతా మెదులుతుంది, హారతి వెలుగుతో సహా. మిహ్రాబులో వీటిలో ఏదీ లేదు. విగ్రహం లేదు, దర్శనం లేదు, లోపల ఖాళీ. మక్కాలోని కాబా ఉన్న దిక్కును ఖిబ్లా అంటారు. మసీదులో ఆ దిక్కున ఉన్న గోడకు పెట్టిన గుర్తు మిహ్రాబు. ఇమాం దాని ముందు నిలబడి నమాజు చదివిస్తారు, మిగిలినవాళ్లు వెనక వరుసలు కడతారు. వాళ్లు సజ్దా (నుదురు నేలకు ఆనించి మొక్కడం) చేసేది మిహ్రాబుకు కాదు, అది చూపించే దిక్కుకు తిరిగి అల్లాహ్‌కు. గర్భగుడి అనగానే ఈ తేడా మొత్తం చెరిగిపోతుంది. మీ సహోద్యోగికి గుచ్చుకున్నది అదే. కొందరు ‘ప్రార్థనా గూడు’ అని రాస్తున్నారు. అదీ నాకు నచ్చదు. లోపల కూర్చుని ప్రార్థన చేసే చోటని అర్థమొస్తుంది.

ఇక గూడు. మా అమ్మమ్మగారి వంటింటి మట్టిగోడలో జానెడు ఎత్తున ఒక గూడు ఉండేది. పైకి మొన తేలి, అడుగు చదునుగా, ప్రమిద పట్టేంత. ఏళ్ల తరబడి పొగ పట్టి లోపలంతా నల్లగా మెరిసేది. వేలు పెడితే నూనె కలిసిన మసి జిగురుగా అంటుకునేది, సబ్బుతో రుద్దినా ఒక పట్టాన వదిలేది కాదు. సందెవేళ ప్రమిద వెలిగించి, ‘గూట్లో దీపం, నోట్లో ముద్ద’ అంటూ మమ్మల్ని అన్నానికి పిలిచేది. ఆ సామెతలో గూడు పక్షిది కాదు, గోడది. పక్షి పెట్టుకునేదానికీ గోడలో తొలిచినదానికీ మనకు ఒకటే మాట. తమిళంలో ఇదే ‘కూడు’. గుడి గోపురాల మీద, కొండను తొలిచిన బౌద్ధ చైత్యాల మీద లాడం ఆకారంలో కనిపించే కమాను అలంకారాన్ని శిల్పకళ పుస్తకాల్లో ‘కూడు’ అంటారు. తెలుగులోకి తెచ్చేటప్పుడు చాలామంది అలాగే ఉంచేస్తారు. చదివేవాళ్లకు అది తినే కూడేమో అనిపిస్తుంది. అది మన గూడే, గూడు అనే రాయవచ్చు.

ఇంగ్లిష్‌లో మీరు చూసిన ‘నిచ్’ (niche, గోడలోని గూడు) కథ ఇంకా బాగుంటుంది. అది ఫ్రెంచి నుంచి వచ్చింది. గూడు కట్టుకోవడం అనే అర్థమున్న పాత ఫ్రెంచి క్రియ నుంచి పుట్టిందని, దాని మూలం లాటిన్‌లో పక్షిగూడుకు ఉన్న ‘నీదుస్’ అనే మాటని కొందరు పండితులు చెబుతారు. ఇటాలియన్‌లో ఆల్చిప్పకు ఉన్న ‘నిక్కియో’ నుంచి వచ్చిందని మరికొందరంటారు. పాత ఐరోపా కట్టడాల్లో గోడ గూళ్ల పైభాగాన్ని ఆల్చిప్పలా చెక్కడం మామూలే కాబట్టి రెండో వాదాన్నీ కొట్టిపారేయలేం. మొదటిదే నిజమైతే, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా వాళ్లూ మనమూ గోడలోని గుంటను చూసి పక్షిగూడునే తలుచుకున్నామన్నమాట. అందుకే, మామూలు మసీదుల గురించి పిల్లలకు రాసేటప్పుడు ‘ఖిబ్లా గోడలోని గూడు’ అని వివరిస్తే తప్పేమీ లేదు. గూడును తక్కువ చేయకండి.

అయితే కోర్దోబాలో (మీరు రాసిన కార్డోబానే స్పానిష్‌లో ఇలా పలుకుతారు) ఉన్నది గూడు కాదు అన్నానుగా. ఆ మసీదును 785–786 ప్రాంతంలో అక్కడి ముస్లిం పాలకుడు మొదటి అబ్దుర్రహ్మాన్ కట్టించడం మొదలుపెట్టాడు. 9వ శతాబ్దంలో రెండో అబ్దుర్రహ్మాన్ దక్షిణానికి పొడిగించాడు. 10వ శతాబ్దంలో ఖలీఫా రెండో అల్‌హకం మళ్లీ దక్షిణానికే పెంచాడు. పొడిగించిన ప్రతిసారీ ఖిబ్లా గోడ ముందుకు జరిగింది, దాంతోపాటు మిహ్రాబూ జరిగింది. ఇప్పుడు ఉన్నది మూడోది. దాని గుమ్మానికి అటూ ఇటూ జంటలుగా నిలబడ్డ నాలుగు చిన్న స్తంభాలు పాత మిహ్రాబువే. జాగ్రత్తగా తీసుకొచ్చి కొత్తదానికి పెట్టారు. పాత ఇల్లు పడగొట్టినా పాత సింహద్వారాన్ని కొత్తింటికి పెట్టుకునేవాళ్లు మన ఊళ్లలోనూ ఉన్నారు కదా, అలాంటి మమకారమే అది.

ఆ గుమ్మం దాటితే పలు పలకల చిన్న గది, దాని మీద ఆల్చిప్ప ఆకారపు కప్పు. గుమ్మం పైన గుర్రపు లాడం ఆకారంలో కమాను. చుట్టూ బంగారు, నీలం రంగుల్లో కూఫీ అనే పాత అరబీ లిపి, లతలు, పువ్వులు. అదంతా మొజాయిక్ పని. మన పాత ఇళ్లలో మొజాయిక్ గచ్చు చూసిన కళ్లతో దీన్ని ఊహించకండి. ఇక్కడివి రంగు గాజు పలుకులు, బంగారు రేకు పొదిగిన గాజు పలుకులు. ఒక్కోటి గోరంత ఉంటుంది. పక్కపక్కనే అతికిస్తూ పోతే అక్షరమైంది, ఆకైంది. వాటి కోసం అల్‌హకం కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తికి రాయించాడట. అక్కడి నుంచి ఒక పనివాడూ, 320 ఖింతార్ల పలుకులూ వచ్చాయని ఇబ్న్ ఇజారీ అనే చరిత్రకారుడు 14వ శతాబ్దంలో రాశాడు. ఖలీఫా తన మనుషుల్ని ఆ పనివాడి దగ్గర పెట్టాడని, వాళ్లు నేర్చుకుని గురువునే మించిపోయారని కూడా ఆయనే చెప్పాడు.

ఈ ‘ఖింతార్’ దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. మార్కెట్ యార్డులో మన రైతు ‘క్వింటాలు ఎంత పలికింది?’ అని అడుగుతాడే, ఆ క్వింటాలు ఇదే మాట. లాటిన్‌లో నూరుకు సంబంధించిన మాట నుంచి అరబీలోకి ఖింతార్‌గా వెళ్లి, అక్కడి నుంచి మళ్లీ ఐరోపా భాషల్లోకి వచ్చి, ఇంగ్లిష్ మీదుగా మన పత్తి బస్తా మీదికి చేరింది. అప్పటి ఖింతార్ మన 100 కిలోల క్వింటాలుతో సమానం కాదు కాబట్టి, వ్యాసంలో ఆ అంకె వస్తే ‘320 క్వింటాళ్లు’ అని మాత్రం రాయకండి. ఖింతార్లు అనే ఉంచండి.

మిహ్రాబు అనే మాటకు కూడా ఇలాంటి పాత కథ ఉంది. ఖురాన్‌లో ఈ మాట గోడలోని గుంటకు వాడలేదు. యేసు తల్లి మర్యం ఉన్న మిహ్రాబులోకి ఆమె సంరక్షకుడు జకరియ్యా వెళ్లినప్పుడల్లా ఆమె దగ్గర ఆహారం కనిపించేదని 3వ అధ్యాయంలో ఉంటుంది. అక్కడ అది ఏకాంతంగా ప్రార్థన చేసుకునే గది. అంతకు ముందు అరబీ కవిత్వంలో రాజభవనంలోని ముఖ్యమైన చోటుకూ వాడారు. మసీదు గోడలో లోపలికి తొలిచిన మిహ్రాబు తర్వాత వచ్చింది. 707–709 మధ్య ఖలీఫా అల్‌వలీద్ కాలంలో మదీనా మసీదును తిరిగి కట్టినప్పుడు అలాంటిది మొదటిసారి పెట్టారని చెబుతారు. అప్పుడు మదీనా పాలకుడు ఉమర్ ఇబ్న్ అబ్దుల్ అజీజ్. మాట పుట్టుక మీద మాత్రం పండితులకు ఏకాభిప్రాయం లేదు. ‘హర్బ్’ అంటే యుద్ధం కాబట్టి సైతానుతో యుద్ధం చేసే చోటని ఒక వివరణ బాగా ప్రచారంలో ఉంది. వినడానికి బాగుంటుంది, కానీ దాన్ని తేలిన విషయంగా రాయకండి. నాకు నచ్చిన సంగతి వేరే ఉంది. గది నుంచి గూడుగా మారిన మాట, కోర్దోబాకు వచ్చేసరికి మళ్లీ గదికే పేరైంది. అందుకే ఇక్కడ గూడు అంటే కొలత తప్పుతుంది, గది అంటే పని తెలియదు. ఆ మాటను ఆ మాటగానే తెచ్చుకోవాలి. మసీదు, నమాజు, మినారు ఇలాగే వచ్చి మనవైపోయాయి. ‘ప్రార్థనా మందిరం’ అని ఎంత రాసినా జనం నోట మసీదే నిలిచింది.

కమాను అన్న మీ రెండో సహోద్యోగి కూడా తప్పు చెప్పలేదు, ఉర్దూ లెక్కలో చెప్పారు. ఉర్దూలో మెహ్రాబ్ అంటే మసీదు మిహ్రాబూ అవుతుంది, ఏ కట్టడానికైనా ఉండే కమానూ అవుతుంది. తెలుగుకు ఆ ఇబ్బంది లేదు. విల్లు అనే అర్థమున్న పారసీ ‘కమాన్’ మన దగ్గర వేరే మాటగా స్థిరపడింది. హైదరాబాద్‌లో చార్‌కమాన్ ఉంది, కరీంనగర్‌లో కమాన్ ఉంది. కాబట్టి మీ వ్యాసంలో ఆ వంపు వచ్చినచోట కమాను అని, మొత్తానికి మిహ్రాబు అని రాయండి. రెండూ కలిస్తే ‘మిహ్రాబు గుమ్మం మీది కమాను’.

మిహ్రాబు అనాలా, మెహరాబు అనాలా? అరబీలో మిహ్రాబ్. ఉర్దూలో ‘హ’కారం ముందున్న ‘ఇ’ని ‘ఎ’గా పలుకుతారు. మిహ్నత్ మెహనత్ అయింది, ఇహ్సాన్ ఎహసాన్ అయింది, అలాగే మిహ్రాబ్ మెహ్రాబ్ అయింది. హైదరాబాద్ మక్కా మసీదు గురించో, మీ వీధి మసీదు గురించో రాస్తుంటే మెహరాబు అనండి, అక్కడి మనుషులు అలాగే అంటారు. కోర్దోబాకు ఉర్దూతో పని లేదు, మిహ్రాబు అనండి. చివర ‘ఉ’ చేర్చడానికి సంకోచించకండి. అస్ల్ మనకు అసలు అయింది, నక్ల్ నకలు అయింది. అచ్చుతో ముగిస్తేనే విభక్తి హాయిగా అతుకుతుంది: మిహ్రాబును, మిహ్రాబులో, మిహ్రాబులు. గూడులా ‘గూటి’, ‘గూళ్లు’ అని మారదు కాబట్టి ఇంకా తేలిక.

మీరు అడగని రెండు సంగతులు కూడా చెప్పాలి. మొదటిది పడమటి గోడ. మక్కా మనకు పడమరన ఉంది కాబట్టి ఇక్కడి మసీదుల్లో ఖిబ్లా గోడ పడమటిది. ఆ అలవాటులో మీ చేయి తానే పడమర అని రాసేసినట్టుంది. కోర్దోబా నుంచి మక్కా తూర్పు ఆగ్నేయంగా ఉంటుంది. ఆ మసీదు ఖిబ్లా మాత్రం ఇంకా దక్షిణానికి తిరిగి ఉంటుంది. ఎందుకలా పెట్టారనే దాని మీద పండితుల మధ్య చాలా చర్చ ఉంది, ఆ గొడవలోకి వెళ్లకుండా ‘దక్షిణపు గోడ’ అంటే సరిపోతుంది. మామూలుగా మిహ్రాబు ఖిబ్లా గోడ నడిమధ్యన ఉంటుంది. ఇక్కడ అలా కనిపించదు. దక్షిణాన గ్వాదల్‌కివిర్ నది దగ్గర పడటంతో, 987–988 ప్రాంతంలో అక్కడి మంత్రి అల్‌మన్సూర్ తూర్పుకు పెంచాడు. మిహ్రాబు ఉన్నచోటే ఉండి, గోడ ఒక పక్కకు సాగింది. 1236లో కాస్టిల్ రాజు మూడో ఫెర్నాందో నగరాన్ని గెలిచాక అది చర్చి అయింది. 1523లో దాని నడుమ పెద్ద కేథడ్రల్ కట్టడం మొదలైంది. మిహ్రాబు మొజాయిక్ చాలాకాలం మరుగున పడి 19వ శతాబ్దం మొదట్లో మళ్లీ బయటపడింది. ఇప్పుడక్కడ నమాజు జరగదు. మీ వ్యాసంలో ‘ఇమాం నిలబడతారు’ అని ఉంటే ‘నిలబడేవారు’ అని మార్చండి.

రెండోది ‘అల్ హకం II చే నిర్మించబడినది’. రోమన్ అంకెకు ‘చే’ తగిలిస్తే పైకి చదవడమే కష్టం. రెండో అల్‌హకం అనండి. ‘నిర్మించబడినది’ ఇంగ్లిష్ వాక్యానికి తొడుగు. తెలుగులో మనకు ‘కట్టాడు’ వేరు, ‘కట్టించాడు’ వేరు. చేతులతో రాయి పేర్చినవాడు కట్టాడు, ఆజ్ఞ ఇచ్చి ఖర్చు పెట్టినవాడు కట్టించాడు. ఆ ఒక్క ‘ఇంచు’లో ఖలీఫాకూ, గోరంత గాజు పలుకులు అతికించిన పనివాళ్లకూ ఎవరి చోటు వాళ్లకు దక్కుతుంది. మిహ్రాబు మీది శాసనాలు చెప్పేదీ అల్‌హకం ఆజ్ఞతో కట్టారనే. మొజాయిక్ పని 965 తర్వాత కూడా సాగి 971 ప్రాంతంలో ముగిసింది కాబట్టి, ఆ ఏడాదినీ కలిపి ఇలా రాయండి:

‘కోర్దోబా మసీదు దక్షిణపు గోడలో ఉన్న మిహ్రాబును రెండో అల్‌హకం కట్టించాడు. రాతిపని 965లో పూర్తయింది, మొజాయిక్ పని 971 దాకా సాగింది.’