ముసలి తెల్ల ఎలుకకు చంకలో గడ్డ: ఆపరేషన్ చేయించాలా, వద్దా?

ప్రశ్న: మాది గుడివాడ దగ్గర పల్లెటూరు. వరి, మినుము వేస్తాం, నాలుగు గేదెలున్నాయి. మా అమ్మాయి ఒక తెల్ల ఎలుకను పెంచుకుంటోంది. ఆడది, వయసు రెండేళ్ల రెండు నెలలు. ముందుకాలి చంకలో రెండు నెలల కిందట శనగగింజంత గడ్డ కనిపించింది, ఇప్పుడు నిమ్మకాయంత అయింది. తిండి బాగానే తింటోంది. వారం నుంచి కళ్ల దగ్గర, ముక్కు దగ్గర రక్తం కారుతోంది. ఎలుకను అమ్మిన షాపాయన ఇది క్యాన్సర్, ముసలిదానికి ఖర్చు దండగ, కొత్తది కొనుక్కోండి అన్నాడు. మందుల షాపులో చీముగడ్డ అని చెప్పి చిన్నపిల్లల అమాక్సిసిలిన్ సిరప్ ఇచ్చారు, తగ్గలేదు. అమ్మాయి ఏడుస్తోంది. ఈ వయసులో ఆపరేషన్ చేయిస్తే బతుకుతుందా?

జవాబు: క్యాన్సర్ అన్న మాటా, చీముగడ్డ అన్న మాటా రెండూ తప్పే అనిపిస్తోంది. మీరు రాసినదాన్ని బట్టి ఇది పాలగ్రంథిలో వచ్చే ఫైబ్రోఎడినోమా అనే గడ్డ. చంకలో పాలగ్రంథి ఏమిటని అనుకోకండి, ఎలుకకు ఆ గ్రంథి మెడ కింద నుంచి తొడల మధ్య దాకా, పక్కటెముకల మీదకి కూడా పాకి ఉంటుంది. ముసలి ఆడ ఎలుకల్లో ఈ గడ్డలు చాలా మామూలు, వాటిలో ఎక్కువ భాగం ప్రాణం తీసే క్యాన్సర్లు కావు (చుంచుల్లో మాత్రం దీనికి తలకిందులుగా ఉంటుంది, వాటికి వచ్చేవి ఎక్కువగా చెడ్డ గడ్డలే). రెండు వేళ్లతో నెమ్మదిగా కదిపి చూడండి. చర్మం కింద అటూ ఇటూ జారుతూ, వేడి లేకుండా ఉంటే చాలావరకు చీము కాదు. ఎవరైనా బ్లేడుతో గాటు పెడదామంటే ఒప్పుకోవద్దు, చీము రాదు, రక్తం మాత్రం ఆగకుండా వస్తుంది. డాక్టరు సూదితో కొంచెం తీసి చూస్తే చీమో కాదో అక్కడికక్కడే తేలిపోతుంది.

ఇక కంటి దగ్గర రక్తం. అది రక్తం కాదు. ఎలుక కంటి వెనక ఉండే గ్రంథి నుంచి వచ్చే ఎర్రటి రంగు అది, ఒంట్లో బాగాలేనప్పుడు, భయపడినప్పుడు ఎక్కువగా కారుతుంది. మీరు గడ్డ గురించి అడిగారు గానీ నాకు టెన్షన్ దీని గురించే. ఈ వయసు ఎలుకల్లో మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని ఉండటం సర్వసాధారణం. రాత్రి ఇంట్లో అందరూ నిద్రపోయాక ఎలుకను చెవి దగ్గర పెట్టుకుని వినమనండి అమ్మాయిని. టిక్ టిక్ అనో గురగురమనో చప్పుడు వినిపిస్తే, ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతుంటే ఇప్పుడు మత్తు ఇవ్వకూడదు. కత్తి వల్ల కంటే మత్తులో ఊపిరి ఆగి పోయే ఎలుకలే ఎక్కువ. పంజరంలో ఊకగానీ రంపపు పొట్టుగానీ వేస్తుంటే ఈరోజే తీసేయండి, ఆ దుమ్ము, ఉచ్చ ఘాటు కలిసి ఊపిరితిత్తుల్ని ఇంకా పాడు చేస్తాయి. పాత నూలు గుడ్డలు వేసి రోజూ మార్చండి.

అమాక్సిసిలిన్ ఎందుకు పని చేయలేదంటే, ఆ మందు సూక్ష్మజీవి కణం చుట్టూ ఉన్న గోడ మీద పనిచేస్తుంది, మైకోప్లాస్మాకు అసలు గోడే ఉండదు. మీది ఎలుక కాబట్టి తట్టుకుంది, అదే గినీ పిగ్‌కో హామ్‌స్టర్‌కో పోసి ఉంటే పేగుల్లో విషం పుట్టి చచ్చిపోయేది. కౌంటర్ దగ్గర నిలబడి జంతువును చూడకుండా మందు ఇచ్చేవాళ్లను నేను ఎన్నిసార్లు తిట్టినా తక్కువే, వాళ్లను అడగడం మీరు మానాలి. డాక్టరుతో మాట్లాడి డాక్సీసైక్లిన్ కిలో బరువుకు 5 మిల్లీగ్రాములు, ఎన్రోఫ్లోక్సాసిన్ కిలోకు 10 మిల్లీగ్రాములు, రెండూ రోజుకు రెండు పూటలా, కనీసం రెండు వారాలు వాడించండి. మీ ఎలుక 350 గ్రాములుంటే పూటకు 1.75, 3.5 మిల్లీగ్రాములు అన్నమాట. మనుషుల 100 మిల్లీగ్రాముల క్యాప్సూల్ విప్పి చిటికెడు వేయడం కుదరదు, డాక్టరే ద్రవంగా కలిపి ఇవ్వాలి. నొప్పికి మెలాక్సికామ్ కిలోకు 1 మిల్లీగ్రాము రోజుకోసారి సరిపోతుంది. గేదెలకు వేసే ఇదే మందు ఇంజెక్షన్ మీ ఇంట్లో ఉంటే దాన్ని ముట్టుకోవద్దు. అందులో మామూలుగా మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాములు ఉంటుంది, ఒక్క మిల్లీలీటరు పోసినా మోతాదుకు 14 రెట్లు అవుతుంది.

వయసు ఒక్కటే చూసి ఆపరేషన్ వద్దనకండి. ఎలుక ఆయుష్షు రెండు, మూడేళ్లే, నిజమే. కానీ ఆ గడ్డ వదిలేస్తే ఒళ్లంత పెరుగుతుంది, కాలు చాపలేదు, నేలకు రాసుకుని పుండు పడుతుంది, అప్పుడు కోయాలన్నా కోయలేరు. ఇలా చేయండి. వంటింటి డిజిటల్ కాటా మీద రోజూ పొద్దున్నే తూకం వేసి రాయించండి. తర్వాత ఒక పల్లీ గింజ ఇచ్చి చూడండి, రెండు ముందు కాళ్లతో పట్టుకుని కూర్చుని కొరుక్కుంటే మంచిది. గింజ జారిపోతున్నా, తల ఒక పక్కకు వాలినా, గుండ్రంగా తిరుగుతున్నా మెదడు కింద పిట్యూటరీ గ్రంథిలో ఇంకో గడ్డ ఉందని అనుమానించాలి. ముసలి ఆడ ఎలుకల్లో అదీ తరచుగా కనిపించేదే. అలాంటప్పుడు చంకలో గడ్డ కోసి ఎలుకను బాధపెట్టడం అన్యాయం. పల్లీ పట్టుకుంటోంది, తూకం తగ్గలేదు, రెండు వారాల మందుతో ఊపిరి చప్పుడు పోయింది, గడ్డ ఇంకా కదులుతోంది అంటే ఆలస్యం చేయకుండా చేయించండి. మా ఇంట్లో ఎలుకైతే నేనూ అదే చేయిస్తాను. ఒక గడ్డ తీశాక మరో చోట ఇంకోటి రావచ్చని అమ్మాయికి ముందే చెప్పండి.

ఒక విషయం మీరు రాయలేదు, నేను అడగక తప్పదు. పొలంలో ఎలుకలకు బ్రోమోడయోలోన్ ఎర కలుపుతున్నారా? 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు మందు కలిపిన ఆ ఎర ఇంట్లో ఎక్కడైనా ఉండి, ఈ ఎలుక బయట తిరిగినప్పుడు కొంచెం తిన్నా రక్తం గడ్డకట్టదు. పైకి ఏమీ కనిపించదు, ఆపరేషన్ బల్ల మీద తెలుస్తుంది. గత నెలలో అలాంటి అనుమానం ఏ కొంచెం ఉన్నా డాక్టరుకు చెప్పండి, విటమిన్ కె1 ఇచ్చి ఆగుతారు. ఎర కలిపిన చేతులతో, ఆ గిన్నెలతో దీనికి తిండి పెట్టొద్దు.

గన్నవరం పశువైద్య కళాశాల మీకు దగ్గరే. ముందే ఫోన్ చేసి ఎలుకలకు ఆపరేషన్ చేస్తారా, ఐసోఫ్లూరేన్ గ్యాస్ మత్తు ఉందా, కుట్లు చర్మం లోపలి వైపు వేస్తారా అని అడగండి, పైన వేస్తే తెల్లారేసరికి కొరికి పారేస్తుంది. కుక్కలకు చెప్పినట్టు రాత్రి నుంచి పస్తు ఉంచమని ఎవరైనా చెబితే వినొద్దు. ఎలుక వాంతి చేసుకోలేదు, పస్తు ఉంటే నీరసించిపోతుంది. గంట, రెండు గంటల ముందు తిండి తీస్తే చాలు, నీళ్లు తీయక్కర్లేదు. ఎండ ముదరకముందే బయలుదేరండి. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం గోరువెచ్చని నీళ్ల సీసాను గుడ్డలో చుట్టి పక్కన పెట్టండి, మత్తు దిగేదాకా దాని ఒళ్లు త్వరగా చల్లబడిపోతుంది. ఇంటికొచ్చాక అన్నం మెత్తగా పిసికి పెడితే రెండు మూడు గంటల్లో తినడం మొదలుపెట్టాలి, ఆ రోజంతా తినకపోతే డాక్టరుకు ఫోన్ చేయండి.

ఊపిరి బాగుపడకపోతే మాత్రం కోత వద్దు. పంజరంలో మెట్లు, ఊయల తీసేసి అన్నీ నేల మీదే అందేలా పెట్టి, నొప్పి మందు ఇస్తూ ఉన్నన్నాళ్లు చూసుకోండి. తినడం మానేసినా, గడ్డ పగిలినా ఆసుపత్రికే తీసుకెళ్లండి, బాధ లేకుండా శాశ్వతంగా నిద్రపుచ్చుతారు, ఇంట్లో ఎవరూ ఏ ప్రయత్నమూ చేయకూడదు. ఎటు తేలినా వెళ్లేటప్పుడు అమ్మాయినీ, ఆమె రాసిన తూకం పుస్తకాన్నీ వెంట తీసుకెళ్లండి, డాక్టరు మొదట అడిగేది అదే.