ముందు నెల చూసుకో, తర్వాత కొండ

నాన్నా,

నువ్వు పంపిన ట్రెక్‌ల లిస్టు చూశాను. కేదార్‌కంఠ, హంప్తా పాస్, ఎవరెస్ట్ బేస్ క్యాంప్. ఒక్కోదాని పక్కన ఈజీ, మోడరేట్, డిఫికల్ట్ అని రాసుకున్నావు, ఫొటోలు కూడా జత చేశావు. సెలవు ఆగస్టులో అన్న సంగతి మాత్రం చివర్లో, అదేదో చిన్న విషయమన్నట్టు రాశావు. నేనైతే అక్కడే మొదలుపెడతాను.

నెల మారితే అదే కొండ వేరే కొండ అవుతుంది. కేదార్‌కంఠకు అంత పేరొచ్చింది మంచు వల్ల. ఉత్తరాఖండ్‌లోని సాంక్రీ అనే ఊరి నుంచి బయల్దేరి దాదాపు 3,800 మీటర్ల శిఖరానికి వెళ్లే ఆ దారిని డిసెంబర్ నుంచి ఏప్రిల్ లోపు చూడాలి. ఆగస్టులో వెళ్తే బురద తొక్కి, మబ్బులు చూసి వస్తారు. ఎవరెస్ట్ బేస్ క్యాంప్‌కి మార్చి నుంచి మే, లేదంటే అక్టోబర్, నవంబర్. ఆ నడక మొదలయ్యే లుక్లాకి వానల్లో విమానాలు ఎప్పుడు ఎగురుతాయో ఎవరూ చెప్పలేరు. కాబట్టి ఈ రెండూ ఇప్పటికి పక్కన పెట్టు.

ఆగస్టులో హిమాలయాలకే వెళ్లాలంటే కొండల వెనక్కి వెళ్లాలి. మేఘాలు ఇవతలి వైపే కురిసేస్తాయి, అవతలున్న లాహౌల్, స్పితి, లదాఖ్‌లకు మిగిలేది తక్కువ. హిమాచల్‌లోని హంప్తా పాస్, అంటే కొండల మధ్య కనుమ, దగ్గర ఈ తేడా కళ్లారా కనిపిస్తుంది. కులు వైపు అంతా పచ్చగా, తడిగా ఉంటుంది, పాస్ దాటి లాహౌల్‌లోకి దిగగానే ఎండు కొండలు, రాళ్లు. ఇక నీ లిస్టులో లేని పువ్వుల లోయ, ఉత్తరాఖండ్‌లోని వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్, సంగతి వేరు. ఆ వానల వల్లే అక్కడ పూలు. జూన్ 1 నుంచి అక్టోబర్ 31 దాకా తెరిచి ఉంచినా, చూడాల్సింది జులై, ఆగస్టుల్లోనే.

ఇప్పుడు నీ ఈజీ, మోడరేట్ల సంగతి. ఎవరికి ఈజీ? ట్రెక్ నడిపేవాళ్లు చెప్పే ఆ మాటలో నాకు పనికొచ్చే సమాచారం ఏమీ ఉండదు. నేను అడిగేవి వేరే. మొదటి రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటాం? అన్నిటికన్నా కష్టమైన రోజున ఎంత ఎక్కి ఎంత దిగాలి? మధ్యలో ఒంట్లో బాగోకపోతే రోడ్డు ఎంత దూరం? మొత్తం ఎన్ని కిలోమీటర్లన్నది చివర్లో అడుగుతాను.

నడక సమయానికి నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు 1892లో చెప్పిన లెక్క ఒకటుంది. 5 కిలోమీటర్లకు ఒక గంట, 600 మీటర్లు ఎక్కడానికి అదనంగా మరో గంట. 10 కిలోమీటర్ల నడకలో 900 మీటర్ల ఎక్కుడుంటే మూడున్నర గంటలన్నమాట. ఇది అలవాటైన కాళ్ల లెక్క. బ్యాగు బరువు, పల్చటి గాలి, మీ ఫొటోల విరామాలు కలిపితే నేను దానికి రెట్టింపు వేసుకుంటాను.

ఎత్తు విషయంలో మాత్రం బేరాలాడకు. 3,000 మీటర్లు దాటాక, పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలి. లేహ్‌కి విమానంలో వెళ్తే నేరుగా 3,500 మీటర్ల దగ్గర దిగుతావు, అక్కడ రెండు రోజులు ఊరికే కూర్చోవాల్సిందే. జిమ్‌లో పెంచిన కండలు ఇక్కడ కాపాడవు. తలనొప్పితో పాటు వికారం, తిండి సహించకపోవడం మొదలైతే ఇంకో అడుగు పైకి వద్దు. నడక తూలినా, కూర్చున్నప్పుడు కూడా ఆయాసం వచ్చినా అర్ధరాత్రైనా సరే కిందికి దిగాలి. ఎత్తు వల్ల వచ్చే ఈ జబ్బుకు వాడే డయామాక్స్ మాత్ర వేసుకోవాలా వద్దా అన్నది డాక్టర్‌ని అడుగు, ఫ్రెండ్‌ని కాదు.

ఇంకొకటి. ఎక్కడం ఊపిరి పని, దిగడం మోకాళ్ల పని. మీ నలుగురిలో మోకాలు నొప్పి ఉన్నవాడెవడో వాడిని బట్టే ట్రెక్ ఎంచుకోవాలి, అందరికన్నా చురుకైన వాడిని బట్టి కాదు. వాడు ఒప్పుకోడు, నువ్వే కనిపెట్టాలి.

నన్నడిగితే, మీలో ఎవరూ ఇంతకుముందు ఎత్తైన చోట నడవలేదు కాబట్టి పువ్వుల లోయకు వెళ్లండి. సుమారు 3,050 మీటర్లలో ఉన్న ఘంగరియాలో బస, పగలు పైకి వెళ్లి రాత్రికి మళ్లీ అక్కడికే. శరీరం అలవాటు పడటానికి ఇది మంచి పద్ధతి. చిక్కల్లా రోడ్డుతోనే. వానల్లో కొండచరియలు పడి దారి మూసుకుపోతుంటుంది, రెండు రోజులు ఎక్కువ సెలవు పెట్టి, తిరుగు టికెట్ దానికి తగ్గట్టు తీసుకోండి. అన్ని రోజులు సెలవు దొరకదంటే ఈసారికి మానేసి, డిసెంబర్‌లో కేదార్‌కంఠ చూసుకోండి. 4,270 మీటర్ల హంప్తా వచ్చే ఏడాదికి ఉంచు. అప్పుడు వెళ్లినా, మంచు కరిగి పారే వాగులను పొద్దున్నే దాటండి. ఎండెక్కేకొద్దీ నీళ్లు పెరుగుతాయి.

టికెట్లు తీసే ముందు మీలో ఎవరికైనా ఆస్తమా, గుండె సమస్య, బీపీ ఉన్నాయేమో కనుక్కుని నాకు ఫోన్ చెయ్యి. కొత్త బూట్లు కొన్నానన్నావుగా, ఇవాళ్టి నుంచే వేసుకుని మెట్లెక్కు.

మీ పిన్ని